తెర మీది ఫుట్‌పాత్: ఇల్లు లేని మనిషి ఎప్పుడూ బిచ్చగాడేనా?

మూసీ ఒడ్డు
శనివారం, రాత్రి 9:40

మా వీధి గ్రంథాలయంలో నెలకొకసారి పాతికమందిమి కూర్చుని ఒక సినిమా చూసి మాట్లాడుకుంటాం. వచ్చే నెలకు ‘ఇల్లు లేని మనుషులు’ అనే విషయం అనుకున్నాం గానీ ఏ సినిమా వేయాలన్న దగ్గర చిక్కు వచ్చిపడింది. ఈ మాట చెప్పగానే తెలుగు ప్రేక్షకుడికి మొదట గుర్తొచ్చేది 2016లో తమిళం నుంచి అనువాదమై వచ్చి మన దగ్గర ఎవరూ ఊహించనంతగా ఆడిన ‘బిచ్చగాడు’, ఆ తర్వాత 2025లో శేఖర్ కమ్ముల తీసిన ‘కుబేర’. రెండూ ఇష్టపడి చూసినవాణ్నే. అయితే రెంటినీ పక్కపక్కన పెట్టి ఆలోచిస్తే ఒక అనుమానం పట్టుకుంది. మొదటి దాంట్లో చింపిరి గుడ్డల్లో ఉన్నవాడు కోటీశ్వరుడు; కోమాలో ఉన్న తల్లి బతకాలని 48 రోజులు ఎవరికీ తెలియకుండా అడుక్కుని తినే దీక్ష పట్టినవాడు. రెండో దాంట్లో ఉన్నది నిజమైన బిచ్చగాళ్లే, కానీ వాళ్లు కథలోకి రావడానికి కారణం వాళ్ల బతుకు కాదు, ఒక పెద్ద వ్యాపారికి తన డబ్బు దాచుకోవడానికి బినామీ పేర్లు అవసరం కావడం.

రెండు చోట్లా ‘ఇల్లు లేదు’ అన్న మాటకు ‘అడుక్కుంటాడు’ అన్న అర్థమే ఉంది. మా ఇంటి నుంచి గ్రంథాలయానికి నడిచే దారిలో మూసి ఉన్న దుకాణాల అరుగుల మీద రోజూ పది పన్నెండు మంది పడుకుని కనిపిస్తారు. వాళ్లలో ఒక్కరు కూడా ఇంతవరకు నన్ను రూపాయి అడగలేదు. అడుక్కోవడంతో ముడిపెట్టకుండా ఇల్లు లేకపోవడాన్ని మాత్రమే చూపించిన సినిమా గానీ కథ గానీ కవిత గానీ ఉంటే చెప్పండి.


పాత రీళ్లు
శనివారం, రాత్రి 10:25

ఉన్నాయి, కానీ వాటి కోసం 1950ల హిందీ సినిమా దాకా వెనక్కి వెళ్లాలి. బిమల్ రాయ్ ‘దో బీఘా జమీన్’ (1953)లో శంభు అనే రైతు బాకీ తీర్చి తన రెండు బిగాల నేల నిలబెట్టుకోవాలని కలకత్తా బయలుదేరితే, కొడుకు చెప్పకుండా రైలెక్కి వెంట వస్తాడు. వచ్చిన కొత్తలో రోడ్డు పక్కన నిద్రపోతే మూట కాస్తా పోతుంది. ఆ తర్వాత అతను రిక్షా లాగుతాడు, పిల్లవాడు బూట్లకు పాలిష్ చేస్తాడు గానీ చెయ్యి మాత్రం చాపరు. ఆ పాత్ర కోసం బలరాజ్ సాహ్నీ కలకత్తా వీధుల్లో నిజంగానే రిక్షా లాగడం నేర్చుకున్నాడు.

రాజ్ కపూర్ ‘శ్రీ 420’ (1955) అందరూ చూసిందే కనుక పాటల గురించి చెప్పను. అందులో చదువుకున్న కుర్రవాడు అలహాబాదు నుంచి బొంబాయి వచ్చి ఫుట్‌పాత్ జనంతో కలిసి బతుకుతాడు, వాళ్లతోనే పాడతాడు. తర్వాత మోసగాళ్లతో చేరాక, నూరు రూపాయలకే ఇల్లు అన్న బూటకపు పథకానికి అతని ముఖమే ప్రకటన అవుతుంది. ఆ నూరు కూడబెట్టి తెచ్చేది అదే ఫుట్‌పాత్ జనం. పేదవాడికి ఇంటి మీద ఉండే ఆశనే పెట్టుబడిగా చేసుకునే మోసాన్ని డెబ్భై ఏళ్ల కిందట అంత స్పష్టంగా చూపించిన సినిమా అది. రాసినవాడు కె. ఎ. అబ్బాస్.

ఆ అబ్బాసే 1963లో స్వయంగా ‘షహర్ ఔర్ సప్నా’ తీశాడు. బొంబాయిలో కాపురం పెట్టడానికి చోటు దొరకని ఒక జంట పెద్ద నీటి గొట్టంలో తల దాచుకుంటుంది. ఆ ఏటి ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చినా ఇవాళ దాని పేరు తెలిసినవాళ్లు తక్కువ. ఇల్లు లేని వాళ్లను ప్రేమించుకునే మనుషులుగా చూపించడం ఆ రోజుల్లోనూ అరుదే, ఇప్పుడైతే ఇంకా అరుదు.


సర్కారు బడి
శనివారం, రాత్రి 11:10

పాత రీళ్లు గారు గొట్టం సంగతి చెప్పారు కనుక ఒక మాట. 2011 జనాభా లెక్కల్లో నేను ఎన్యూమరేటరుగా పనిచేశాను. ఇల్లు లేని వారిని లెక్కించడానికి ఫిబ్రవరి 28 రాత్రి ఒక్కటే కేటాయించారు. ఎవరిని లెక్కించాలో చెప్పే సూచనల్లో రోడ్ల పక్కన, ఫుట్‌పాత్‌ల మీద, వంతెనల కింద, మెట్ల కింద, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, గుడి మండపాల్లో ఉండేవాళ్లతో పాటు ‘హ్యూమ్ పైపుల్లో’ ఉండేవాళ్లు అని కూడా రాసి ఉంది. అబ్బాస్ సినిమా కల్పన కాదన్నమాట. ప్రభుత్వ పత్రంలోనే గొట్టానికి ఒక చోటుంది. దేశం మొత్తం మీద ఆ రాత్రి లెక్క తేలినవారు సుమారు 17.7 లక్షల మంది.

నాకు ఆ రాత్రి గుర్తున్నది మాత్రం అంకె కాదు. బస్టాండు వెనక సందులో పడుకున్న ఒక పెద్దాయనను పేరు అడుగుదామని మెల్లగా తట్టాను. ఆయన కళ్లు పూర్తిగా తెరవకుండానే లేచి కూర్చుని దుప్పటి మడత పెట్టడం మొదలుపెట్టాడు. నేను లెక్కలు రాయడానికి వచ్చానని రెండుసార్లు చెప్పాను. ఆయన వింటూనే మడత పూర్తిచేసి, చంకలో పెట్టుకుని, లేచి నిలబడి, ‘ఇంకెక్కడికి పోమంటారు సార్?’ అన్నాడు. ఆయన పేరు నేను నిలబడ్డ మనిషి పేరుగానే రాసుకున్నాను. నిద్రలో ఉన్నవాడు లేవగానే చేతులు ముందు దుప్పటి మీదికి పోవడం అన్న ఆ ఒక్క కదలికను ఏ నటుడైనా చేయగా నేను ఇంతవరకు చూడలేదు.


నేల టికెట్టు
ఆదివారం, ఉదయం 7:55

పెద్దలు క్షమించాలి, మీరు ‘బిచ్చగాడు’ను మరీ తేలిగ్గా పక్కన పెట్టేశారు. ఆ సినిమాను నేను నేల టికెట్టు కొనుక్కుని మూడుసార్లు చూశాను. హాల్లో నా పక్కన కూర్చున్న మనిషి, బయట సిగ్నల్ దగ్గర చెయ్యి చాపినవాణ్ని కసురుకునే రకమే, ఆ రెండున్నర గంటలూ బిచ్చగాడి పక్షాన నిలబడ్డాడు. ఆ పని ఏ అవార్డు సినిమా చేసింది? మారువేషం మన కథలకు కొత్త కాదు. రాజు మారువేషంలో ఊరు తిరిగితే తప్ప ఊరి సంగతి తెలియని సంప్రదాయం మనది. ఉన్నవాడిని లేనివాడి బట్టల్లో నిలబెడితేనే చూసేవాడికి ‘ఇది నాకూ జరగవచ్చు’ అనిపిస్తుంది.

అంతెందుకు, చాప్లిన్ చేసింది ఏమిటి? 1914లో ఆ పొట్టి టోపీ, బిగుతు కోటు, పెద్ద బూట్లతో తెరమీదికి వచ్చిన దేశదిమ్మరిని ప్రపంచం నవ్వుతూ గుండెకు హత్తుకుంది. అది డాక్యుమెంటరీ కాదు కదా! నవ్వించి, ఏడిపించి దగ్గర చేసుకోవడమే జనం సినిమా చేయగలిగే పని. అంతకు మించి ఆశించడం సినిమాకు మునిసిపాలిటీ పని అప్పజెప్పడమే అవుతుంది.


పాత రీళ్లు
ఆదివారం, ఉదయం 9:15

నేల టికెట్టు గారూ, చాప్లిన్ పేరు ఎత్తినందుకు సంతోషం, ఎందుకంటే ఆయన నా వైపు సాక్షి. చాప్లిన్ ఏడేళ్ల వయసులో, 1896లో, తల్లితో పాటు లండన్ లాంబెత్ వర్క్‌హౌస్‌లో, అంటే గతిలేని పేదలను పని చేయించుకుంటూ ఉంచే ఆశ్రమంలో, చేరవలసి వచ్చినవాడు. అందుకే ‘ది కిడ్’ (1921)లో ఒక సంగతి చూడండి. తాను పెంచుకున్న పిల్లవాణ్ని అధికారుల నుంచి తప్పించి తెచ్చిన తర్వాత ఆ రాత్రి ఇద్దరూ డబ్బు పుచ్చుకుని మంచం ఇచ్చే హాలుకు వెళతారు. జేబులన్నీ వెతికితే ఒక్కరికి సరిపడే నాణెమే దొరుకుతుంది. పిల్లవాణ్ని యజమాని కంట పడకుండా దుప్పటి కింద దాచడానికి చాప్లిన్ పడే పాట్లకు హాలంతా నవ్వుతుంది. ఆ నవ్వు వెనక ఉన్నదంతా లెక్కే: మంచానికి ఎంత, తలకు ఎంత, పిల్లవాడికి వేరే కట్టాలా. అర్ధరాత్రి వేళ ఆ యజమానే పత్రికలో బహుమానం ప్రకటన చదివి పిల్లవాణ్ని ఎత్తుకుపోతాడు. డబ్బు కట్టి పడుకున్న చోట కూడా భద్రత లేదని చెప్పడానికి ఒక్క సంభాషణ అవసరం రాలేదు.

‘సిటీ లైట్స్’ (1931) మొదటి దృశ్యం మరీ సూటిగా ఉంటుంది. శాంతికీ సౌభాగ్యానికీ గుర్తుగా కట్టించిన విగ్రహం మీద ముసుగు తొలగిస్తే, దాని ఒడిలో ఈయన నిద్రపోతూ ఉంటాడు. మీరన్నట్టు ఇవి డాక్యుమెంటరీలు కావు. అయితే చాప్లిన్ నవ్వంతా ‘ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలి’ అన్న ప్రశ్న నుంచి పుట్టింది. మన మారువేషం కథలో ఆ ప్రశ్నే ఉండదు, ఎందుకంటే 49వ రోజున హీరోకు ఇల్లు సిద్ధంగా ఉంటుంది. మీ పక్కన కూర్చున్న ప్రేక్షకుడు నిలబడ్డది బిచ్చగాడి పక్షానా, బిచ్చగాడి వేషంలో ఉన్న కోటీశ్వరుడి పక్షానా అన్నది మీరే చెప్పండి.


సుగుణ, షెల్టర్ అక్క
ఆదివారం, మధ్యాహ్నం 2:30

ఈ వేదికలో నేను చదవడమే గానీ రాయడం తక్కువ. ఒక నైట్ షెల్టర్‌లో నాలుగేళ్లుగా మేనేజరుగా పనిచేస్తున్నాను. ఏ ఊరో చెప్పను. మాది నలభై మంచాల హాలు. వచ్చినవాళ్ల వివరాలు రాసే రిజిస్టర్‌లో ‘వృత్తి’ అని ఒక గడి ఉంటుంది. అందులో నేను ఎక్కువగా రాసినవి ఇవి: తాపీ కూలి, సెంట్రింగ్, హమాలీ, పెళ్లిళ్లలో వడ్డన, హోటల్లో గిన్నెలు కడగడం, పాత సామాను ఏరడం. ‘భిక్షాటన’ అని రాసిన రోజులు తక్కువ, అవి కూడా ఎక్కువగా పని చేసే వయసు దాటినవారి పేర్ల ఎదుటే.

వడ్డన పనికి పోయే కుర్రవాళ్ల సంగతి ఒకటి చెబుతాను. వాళ్లకు తెల్లచొక్కా, నల్లప్యాంటు తప్పనిసరి. రోడ్డు మీద బతికే మనిషికి తెల్లచొక్కా తెల్లగా ఉంచుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. బజారులో బండి దగ్గర ఇస్త్రీ చేయించి, మడత చెడకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరును దుప్పటి కింద పరిచి దాని మీద కదలకుండా పడుకుంటారు. మరక కనిపిస్తే ఫంక్షన్ హాలు గేటు దగ్గరే కాంట్రాక్టరు వెనక్కి పంపేస్తాడు, ఆ రోజు కూలి పోయినట్టే. మనం పెళ్లి భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు ‘ఇంకొంచెం వేసుకోండి సార్’ అన్న కుర్రవాడు ఆ రాత్రి ఎక్కడ పడుకుంటాడో మనకు తెలియదు. సినిమాల్లో ఇల్లు లేని వాడంటే జడలు కట్టిన జుట్టు, ముఖం మీద మసి. నేను చూసిన వాళ్లలో చాలామంది తమకు ఇల్లు లేదని ఎవరికీ తెలియకుండా ఉండడానికే రోజంతా శ్రమపడతారు.

ఒక సెక్యూరిటీ గార్డు ఉండేవాడు. రాత్రంతా అపార్ట్‌మెంట్లకు కాపలా కాసి పొద్దున మా దగ్గరికి పడుకోవడానికి వచ్చేవాడు. మాది నైట్ షెల్టర్ కనుక పగలు ఖాళీ చేయించాలని నిబంధన. ఆయన విషయంలో ఆ నిబంధన నేను పాటించలేదు.


పాత సంచిక
ఆదివారం, సాయంత్రం 6:05

సుగుణ గారు రాసింది చదివాక నేను రాద్దామనుకున్న దాంట్లో సగం కొట్టేశాను. మిగిలిన సగం ఇది.

తెలుగు కవిత్వంలో ఈ ప్రస్తావన వస్తే శ్రీశ్రీ ‘భిక్షువర్షీయసి’ దగ్గర ఆగక తప్పదు. 1950లో వెలువడిన ‘మహాప్రస్థానం’ సంపుటిలో ఉంది. దారిపక్కన చెట్టు కింద కూర్చున్న ముసలామె, అడుక్కునే శక్తి కూడా పోయినది. చలికాలం రాబోతోంది. ఈ అవ్వ పోతే ఆ పాపం ఎవరిదని గాలి అడుగుతూ వెళ్లిపోతుంది. ఎముక కొరుకుతున్న కుక్క ఏమీ అనదు. తొండ ఒక ఈగను నోట కరుచుకుని తప్పుకుంటుంది. చివరికి ఎగిరివచ్చిన ఎంగిలాకు, ఇది తన పాపం కాదంటుంది. బడిలో దీన్ని జాలి పద్యంగా చెప్పారు. నలభై ఏళ్లు దాటాక మళ్లీ చదివితే, అందులో మనిషి అనేవాడే లేడని గమనించాను. కుక్క, తొండ, ఈగలు, గాలి, ఎంగిలాకు ఉన్నాయి; ఆ దారిన పోయేవాడు ఒక్కడు కూడా పద్యంలోకి రాడు. సంజాయిషీ చెప్పుకున్నది ఎంగిలాకు మాత్రమే. దారిన పోయేవాణ్ని పద్యం బయట, పుస్తకం పట్టుకున్న చోట నిలబెట్టాడు కవి.

అయితే మూసీ ఒడ్డు గారి ప్రశ్నకు ఈ పద్యం పూర్తి జవాబు కాదని ఒప్పుకోవాలి. ఇక్కడ కూడా ఇల్లు లేని మనిషి బిచ్చగత్తే. మన సాహిత్యంలో దీనికి లోతైన వేరు ఉన్నదనుకుంటాను. భిక్ష మన దగ్గర ఒకప్పుడు హోదా గల మాట. బ్రహ్మచారి అడుగుతాడు, సన్యాసి అడుగుతాడు, సాక్షాత్తు శివుడు ఆదిభిక్షువు. ఇల్లు వదిలినవాడికి మన దగ్గర వంద పేర్లున్నాయి. ఇల్లు పోయినవాడికి ‘దిక్కులేనివాడు’ అన్న ఒక్క పేరు పెట్టి ఊరుకున్నాం. ‘నిరాశ్రయుడు’ అన్నది దరఖాస్తుల్లో తప్ప ఎవరి నోటా పలకదు.


వాయిదా కాగితం
ఆదివారం, రాత్రి 8:50

ఇల్లు లేకపోవడాన్నీ అడుక్కోవడాన్నీ కలిపేసింది కవులూ సినిమావాళ్లూ మాత్రమే కాదు, చట్టం కూడా. 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం అనేక చోట్లకు నమూనా అయింది. అందులో భిక్షాటన నిర్వచనం చదివితే, చెయ్యి చాపడం ఒక్కటే కాదు, బతుకుతెరువు కంటికి కనిపించకుండా బహిరంగ స్థలాల్లో తిరుగుతూ, అడుక్కుని బతుకుతున్నాడేమో అనిపించేలా ఉండడం కూడా భిక్షాటనే. అంటే మనిషి ఏం చేశాడన్నది కాక ఎలా కనిపించాడన్నది నేరమైంది. కళల గురించి మాట్లాడుతున్నాం కనుక ఇంకొకటి: పాడడం, ఆడడం, జోస్యం చెప్పడం వంటి సాకులతో డబ్బు అడగడం కూడా ఆ నిర్వచనంలో ఉంది. బుడబుక్కలవాడు, గంగిరెద్దులవాడు, తరతరాలుగా మన వీధి కళలను మోసినవాళ్లు, కాగితం మీద నేరస్థుల అంచుకు చేరారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 1977లో విడిగా ఒక చట్టం వచ్చింది. 2018లో ఢిల్లీ హైకోర్టు బొంబాయి చట్టంలో భిక్షాటనను నేరంగా చూసే సెక్షన్లను ఢిల్లీ వరకు కొట్టివేసింది.

2017 నవంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ పారిశ్రామిక సదస్సుకు ముందు నగరంలో భిక్షాటనను నిషేధించి, వీధుల్లో ఉన్నవారిని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణలోని ఆశ్రమాలకు తరలించిన సంగతి అందరికీ గుర్తుండాలి. బిచ్చగాళ్ల ఆచూకీ చెప్పినవారికి 500 రూపాయలిస్తామని జైళ్ల శాఖ ప్రకటించింది కూడా.

దీనికి ఎదురుగా నిలబడే పత్రం ఒకటుంది, నేను దాన్ని సాహిత్యంగానే చదువుతాను. 1981లో బొంబాయి ఫుట్‌పాత్ నివాసుల గుడిసెలు తొలగించాలని ప్రభుత్వం నిర్ణయించినప్పుడు వేసిన ఓల్గా టెల్లిస్ కేసులో 1985లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు. పిటిషనర్లలో ఒకరు పని వెతుక్కుంటూ 1961లో సేలం నుంచి వచ్చిన భూమిలేని కూలీ. బతుకుతెరువు హక్కు జీవించే హక్కులో భాగమని అప్పటి ప్రధాన న్యాయమూర్తి వై. వి. చంద్రచూడ్ రాశారు. పని దగ్గరగా ఉన్నది కనుకనే వాళ్లు అక్కడ పడుకుంటున్నారని, చోటు తీసేస్తే పని పోతుందని తీర్పు ఒప్పుకుంది. అలా ఒప్పుకుంటూనే, వానాకాలం దాటేదాకా ఆగి, నోటీసు ఇచ్చి తొలగించవచ్చని అనుమతించింది. ఆ వైరుధ్యం ఉన్నది కనుకనే దాన్ని సాహిత్యం అంటున్నాను.

తెలుగువాళ్లం ఆ నగరాన్ని దూరం నుంచి చూసినవాళ్లం కూడా కాదు. బొంబాయి కట్టడాలకు రాళ్లూ మట్టీ మోసిన కామాఠీలు తెలుగు ప్రాంతాల నుంచి వెళ్లిన కూలీలు. కామాఠీపురా పేరు వాళ్లదే. కట్టే ఇంటి పక్కనే పరదా కట్టుకుని పడుకుని, ఇల్లు పూర్తయ్యాక ఇంకో పునాది దగ్గరికి పోయే పాలమూరు కూలీ గురించి మన సినిమా ఎన్ని రీళ్లు ఖర్చు పెట్టింది?


బే ఏరియా బాటసారి
సోమవారం, ఉదయం 10:20

అమెరికా వైపు నుంచి ఒక ఉదాహరణ. ‘ది పర్స్యూట్ ఆఫ్ హ్యాపీనెస్’ (2006) మన వాళ్లలో చాలామందికి ఇష్టమైన సినిమా, ఉద్యోగాల కోసం తిరిగే కుర్రవాళ్లకు మరీ. శాన్‌ఫ్రాన్సిస్కోలో కొడుకుతో రైలు స్టేషను మరుగుదొడ్డిలో తలుపు వేసుకుని పడుకునే సన్నివేశం చూసి కళ్లు చెమర్చనివారు ఉండరు. అది క్రిస్ గార్డ్‌నర్ నిజ జీవితం. కానీ సినిమా రెండు మార్పులు చేసింది. తెర మీద ఆయనకు శిక్షణ కాలంలో జీతం లేదు. నిజానికి కొద్దిపాటి జీతం వచ్చేది. నిజ జీవితంలో ఆయన గది పోవడానికి ఒక కారణం, ఆయన ఉంటున్న అద్దె వసతిలో పిల్లలను ఉంచుకోనివ్వకపోవడం. జీతం ఉన్నా, బిడ్డ ఉన్నందుకు ఇల్లు దొరకలేదన్న మాట సుగుణ గారి రిజిస్టర్‌కు దగ్గరగా ఉంది. తెర మీద అది, పట్టుదల గలవాడు చివరికి గెలిచే కథ అయిపోయింది.

ఇంకొక ముచ్చట. తిమోతీ ష్మాల్జ్ అనే కెనడా శిల్పి పార్కు బెంచీ మీద దుప్పటి ముసుగు తన్ని పడుకున్న మనిషిని కంచులో పోతపోశాడు. ముఖం కనిపించదు, పాదాలకున్న మేకుల గాయాలను బట్టి అది క్రీస్తు అని తెలుస్తుంది. నార్త్ కరోలినాలోని డేవిడ్‌సన్‌లో ఒక చర్చి ముందు దాన్ని పెట్టినప్పుడు, ఎవరో నిరాశ్రయుడు పడుకున్నాడనుకుని ఒకావిడ పోలీసులకు ఫోను చేసింది. శిల్పం గురించి ఇంతకన్నా మంచి సమీక్ష ఎవరు రాయగలరు?


మసక అద్దం
సోమవారం, మధ్యాహ్నం 1:45

నేను ఫొటోలు తీసేవాణ్ని కనుక నా వంతు అపరాధం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠాణీ కోతకు వచ్చిన కూలీల గుడారాల్లో డొరోథియా లాంగ్ తీసిన ‘వలస తల్లి’ ఫొటోను పుస్తకాల్లో చూడనివారుండరు. ఆ తల్లి పేరు లోకానికి తెలిసింది 1978లో. ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనే ఆ స్త్రీ, ఆ ఫొటో వల్ల తనకు పైసా రాలేదని బాధపడింది. నలభై రెండేళ్లు ఆమె ముఖం అందరికీ తెలుసు, పేరు ఎవరికీ తెలియదు. గుడారపు గుంజ దగ్గర పట్టుకున్న ఆమె బొటనవేలు చిత్రానికి అడ్డంగా ఉందని తర్వాత నెగెటివ్ మీద చెరిపించారు కూడా.

దానికి జవాబుగా నిలిచే పని మార్తా రోస్లర్‌ది. న్యూయార్కులో బావరీ అనే వీధి తాగుబోతులకూ ఇల్లు లేనివారికీ పేరుపడ్డ చోటు. ఆమె 1974, 75లో అక్కడి మూసిన దుకాణాల గుమ్మాలనూ ఖాళీ సీసాలనూ ఫొటోలు తీసింది. మనుషులను మాత్రం తీయలేదు. ప్రతి ఫొటో పక్కన తాగినవాడికి లోకం పెట్టిన పేర్లను టైపు చేసి పెట్టింది. ఆ పనికి పెట్టిన పేరులోనే, ఇవి రెండూ చాలని వర్ణనలని ఒప్పుకుంది.

నేను కొత్తల్లో తెల్లవారుజామున చార్మినార్ చుట్టూ తిరిగి పడుకున్నవాళ్ల ఫొటోలు తీసి ప్రదర్శనలకు పంపేవాణ్ని. వెలుతురు ఏటవాలుగా పడి దుప్పటి ముడతలు బాగా కనిపిస్తాయి. ఒక రోజు ఇంట్లో మా నాన్నగారు మధ్యాహ్నం నిద్రపోతుంటే ఫొటో తీశాను. ఆయన లేచి చూసి, ‘నోరు తెరుచుకున్న ఫొటో ఎవరికీ చూపించకు, తీసెయ్’ అన్నారు. తీసేశాను. ఆ తర్వాత నిద్రపోయేవాళ్ల ఫొటోలు మానుకున్నాను.


సుగుణ, షెల్టర్ అక్క
సోమవారం, రాత్రి 7:10

మసక అద్దం గారికి నమస్కారం. చలికాలం వస్తే మా దగ్గరికి దుప్పట్లు పంచేవాళ్లు వస్తారు. మంచి మనుషులే. ఒకసారి ఒక బృందం వచ్చి, అందరూ వరసగా బయట ఫుట్‌పాత్ మీద కూర్చోవాలని, లోపల మంచాల మీద కూర్చుంటే ఫొటోలో ‘అవసరం కనిపించదని’ అన్నారు. నలభై మందిని మంచాల మీద నుంచి లేపి రోడ్డు మీద కూర్చోబెట్టాం. ఎందుకు ఒప్పుకున్నానంటే దుప్పట్లు కావాలి కనుక. మా వడ్డన కుర్రవాళ్లు ముగ్గురు మాత్రం ఫొటో అయ్యేదాకా స్నానాల గదిలో దాక్కున్నారు. ఆ ఫొటో ఏ కాంట్రాక్టరు ఫోనులోనైనా కనిపిస్తే తమ సంగతి తెలిసిపోతుందని వాళ్ల భయం.


నేల టికెట్టు
సోమవారం, రాత్రి 9:30

సుగుణక్కా, తెల్లచొక్కా సంగతి చదివాక నా వాదన కొంత తగ్గించుకుంటున్నాను. కొంత మాత్రమే. సినిమా మనసు మారుస్తుంది, లోకాన్ని మార్చదు అన్నదే నా మాట. కాదంటే ఒక్క ఉదాహరణ చూపించండి.


పాత రీళ్లు
సోమవారం, రాత్రి 11:00

ఒకటి చూపిస్తాను, కానీ అది కూడా మీరు కోరినంత సూటిగా లేదు. 1966 నవంబరు 16న బీబీసీలో కెన్ లోచ్ తీసిన ‘కాథీ కమ్ హోమ్’ ప్రసారమైంది. పెళ్లి చేసుకుని అద్దె ఇంట్లో ఉన్న ఒక యువజంట, భర్తకు ప్రమాదం జరిగి పని పోయాక మెట్టు మెట్టూ దిగి చివరికి వసతి గృహాల పాలవుతుంది. ఆఖరి దృశ్యంలో రైల్వే స్టేషనులో అధికారులు తల్లి చేతుల్లోంచి పిల్లలను లాక్కుపోతారు. సుమారు కోటీ ఇరవై లక్షల మంది చూశారు. ఆ తర్వాత రెండు వారాలకే, అంతకు ముందే సిద్ధమవుతున్న, ఇల్లు లేనివారి కోసం పనిచేసే ‘షెల్టర్’ అనే బ్రిటిష్ సంస్థ ప్రారంభమై, ఆ సినిమా లేపిన గాలికి ఒక్కసారిగా నిలదొక్కుకుంది. సినిమాయే సంస్థను పుట్టించిందని చాలామంది రాస్తారు, అది తప్పు.

కానీ మూసీ ఒడ్డు గారి క్లబ్‌కు నేను సూచించేవి వేరే రెండు. మొదటిది ఆన్యెస్ వార్దా 1985లో తీసిన ‘వాగాబాండ్’. ఫ్రెంచి పేరును తెలుగు చేస్తే ‘కప్పూ లేదు, కట్టుబాటూ లేదు’ అని వస్తుంది. చలిలో కొయ్యబారి కందకంలో పడి ఉన్న యువతి శవంతో మొదలవుతుంది. ఆమెను దారిలో కలిసినవాళ్లు తలా ఒక మాట చెబుతారు. ఎవరు చెప్పినా తమ గురించి చెప్పుకుంటారు తప్ప ఆమె గురించి చెప్పలేరు. ఆమె మంచిది కాదు, కృతజ్ఞత లేదు, పని దొంగ. ఆమెను మనం ఇష్టపడాలని దర్శకురాలు ఎక్కడా బతిమాలదు. మంచివాడైతేనే ఇల్లు లేనివాడి మీద జాలిపడతామనే మన షరతును ఆ సినిమా ఒప్పుకోదు.

రెండోది శౌనక్ సేన్ డాక్యుమెంటరీ ‘సిటీస్ ఆఫ్ స్లీప్’ (2015). ఢిల్లీలో నిద్ర ఎవరి చేతిలో ఉంది, చోటు ఎవరు అమ్ముతారు, మంచం ఎంత, రజాయి ఎంత అన్నదే విషయం. యమున మీది పాత ఇనుప వంతెన కింద గుడారాల్లాంటి సినిమా హాళ్లు ఉంటాయి. కొద్ది రూపాయలిచ్చి లోపలికి వెళ్లినవాళ్లు తెర మీద బొమ్మ ఆడుతూ ఉండగా కింద పడుకుని నిద్రపోతారు. నేల టికెట్టు గారూ, ఇల్లు లేని మనిషికి సినిమా ఏం చేసిందని అడిగారు కదా. అక్కడ కొన్ని గంటలు చీకటి ఇచ్చింది.


మూసీ ఒడ్డు
మంగళవారం, ఉదయం 8:15

అందరికీ ధన్యవాదాలు. ‘సిటీస్ ఆఫ్ స్లీప్’ వేద్దామని మా వాళ్లు ఒప్పుకున్నారు. గ్రంథాలయంలో కాక సుగుణ గారి షెల్టర్‌లోనే, అక్కడి వారితో కలిసి చూస్తే బాగుంటుందని ఒక ఆలోచన వచ్చింది. ప్రొజెక్టరు, తెర మేమే తెచ్చుకుంటాం. ఫొటోలు ఎవరూ తీయరని నాది పూచీ. సుగుణ గారూ, మీకు వీలైతే, వాళ్లు సరేనంటే, ఏ రోజు బాగుంటుందో చెప్పగలరా?


సుగుణ, షెల్టర్ అక్క
మంగళవారం, రాత్రి 10:40

అడిగాను. మొదట ‘ఫైట్లున్నాయా’ అని అడిగారు. లేవన్నాను. మా గురించే అయితే మాకు తెలిసిందే కదా అని ఒక పెద్దమనిషి అన్నాడు, మిగతావాళ్లు నవ్వారు. మీరు వస్తే మాత్రం కాదనరు, కానీ రెండో సినిమాగా ఏదైనా చిరంజీవి పాత సినిమా తెమ్మన్నారు.

పెళ్లి ముహూర్తాలు ఉన్న రోజుల్లో పెట్టకండి, సగం మంది ఉండరు. ఏడింటికల్లా మొదలుపెట్టండి. తొమ్మిదిన్నరకు లైట్లు తీసేయాలి, ఎందుకంటే అడ్డా మీదికి మేస్త్రీలు తెల్లారకముందే వస్తారు. ఒకవేళ అప్పటికి సినిమా పూర్తి కాకపోతే సౌండు తగ్గించి నడపండి, పడుకునేవాళ్లు పడుకుంటారు.